ఇరవై రోజుల అంచనా

మేస్త్రికి మాటలు తక్కువ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన నోట వచ్చిన మాటలన్నీ ఏరి పోగేస్తే గుప్పెడు కావని ఆయన చెల్లెలే అనేది. ఇటుక అందించమనడానికి చెయ్యి చాపేవాడు. చాలనడానికి అదే చెయ్యి దించేవాడు. అయినా పేటలో ఏ గోడ బీటలిచ్చినా, ఏ కప్పు కారినా ముందు ఆయన గుమ్మమే తొక్కేవాళ్ళు. ఆయన గోడను చూసి, వేళ్ళతో తట్టి, చెవి ఆనించి విని, ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పేవాడు. ముప్పై ఏళ్ళలో ఆ చెప్పింది పెద్దగా తప్పింది లేదు. అందుకని వెనకాల ఆయన్ని అంచనా మేస్త్రి అనేవాళ్ళు. ఆ పేరంటే ఆయనకు లోపల ఇష్టమే. పైకి మాత్రం చెవిన పడనట్టు ఉండేవాడు.

అంచనా అనే మాటను ఆయనకు నేర్పింది బడి కాదు. బడికి వెళ్ళింది మూడేళ్ళు. అందులో ఒక ఏడాది జ్వరాలకే సరిపోయింది. ఆ మాటను నేర్పింది ఆయనకు తాపీ చేతికిచ్చిన పెద్ద మేస్త్రి. ఆయన పోయి చాలా కాలమైంది. ఒకసారి పాత ఇంటి మెట్ల కింద నిలబడి, ఈ మెట్లు ఎన్నాళ్ళుంటాయని ఇంటావిడ అడిగితే, కొత్తగా పనిలో చేరిన మన మేస్త్రి గబుక్కున రెండేళ్ళన్నాడు. పెద్ద మేస్త్రి వీపు మీద ఒక్కటి వేసి బయటికి తీసుకెళ్ళాడు.

"అంచనా అంటే మూడు ముక్కలురా. నువ్వు చూసిందేంటి, చూడనిదేంటి, మళ్ళీ ఎప్పుడొచ్చి చూస్తావు. మూడూ చెప్తేనే అంచనా. ఒక్కటి మింగినా జోస్యం. జోస్యం చెప్పేవాడికి తాపీ ఎందుకు?"

మేస్త్రి చాలా ఏళ్ళు అలాగే చెప్పాడు. మూడు ముక్కలు చెప్పేవాడు, వినేవాళ్ళు మూడింటికీ తలూపేవాళ్ళు, ఇంటికెళ్ళేసరికి వాళ్ళ దగ్గర అంకె ఒక్కటే మిగిలేది. మళ్ళీ చూస్తానన్న రోజున వెళ్తే, ఇప్పుడెందుకు వచ్చావు మేస్త్రీ, నువ్వు చెప్పిన గడువు ఇంకా ఉందిగా అనేవాళ్ళు. ఎలాగూ వినని దానికి నోరెందుకు నొప్పి పుట్టించుకోవాలని ఆయన ముందు మూడో ముక్క మానేశాడు. తరవాత రెండోది మానేశాడు. గోడలు ఆయన చెప్పినన్నాళ్ళూ నిలబడుతూనే వచ్చాయి కాబట్టి మానేసిన సంగతి ఆయనకే గుర్తు లేకుండా పోయింది.

చెల్లెలు ఆయనకు పూర్తిగా వేరు. ఆవిడ నోటికి మూత లేదు. పాత హాలు ఒకటి అద్దెకు తీసుకుని కుట్టుపని నడిపేది. పొడుగాటి హాలు, తొమ్మిది మిషన్లు, పైన రెండు బరువైన దూలాలు, మధ్యలో కత్తిరింపుల బల్ల. ఒక పక్క వీధి, ఒక పక్క ఇస్త్రీ కొట్టు, వెనక ఒక గోదాము. మిషన్లన్నీ ఒక్కసారి తిరిగితే కిటికీ ఊచలు కూడా పాట పాడేవి. ఆ మోతలోనే ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు, మళ్ళీ కలిసిపోయేవాళ్ళు. చెల్లెలి కేక మాత్రం మిషన్ల మీంచి కూడా వినపడేది.

ఆ వానాకాలం మొదట్లో ఆవిడకు పెద్ద పని దొరికింది. ఒక ఫ్యాక్టరీ పనివాళ్ళకు ఆరు వందల చొక్కాలు. ఇరవై రోజుల్లో ఇవ్వాలి. ఇచ్చారంటే ఏడాది పొడుగునా ఆ ఫ్యాక్టరీ బట్టలన్నీ ఇక్కడికే వస్తాయి. ఇవ్వలేకపోతే అవతలి వీధి కుట్టు దుకాణం కాచుకుని కూచుంది. పని మొదలుపెట్టిన రోజే వెనక గోడలో బీట కనిపించింది. దూలం చివర నుంచి మొదలై, నడుం ఎత్తు దాకా, చీర అంచు చినిగినట్టు వంకరగా దిగింది. చెల్లెలు అన్నయ్యకు కబురు పెట్టింది.

మేస్త్రి వచ్చి గోడను తట్టాడు. చెవి ఆనించాడు. దూలం కింద రెండు కొయ్య పోట్లు నిలబెట్టాడు. తరవాత తన సంచిలోంచి వేలెడంత వెడల్పు గాజు పట్టీ ఒకటి తీసి, బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివరలా సిమెంటు ముద్ద వేసి అతికించాడు. అది ఆయన పాత పద్ధతి. గోడ నిలకడగా ఉంటే గాజు అలాగే ఉంటుంది. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. గాజుకు సాగడం తెలియదు. తడి సిమెంటు మీద తన ఎడమచేతి బొటనవేలు రెండు పక్కలా అదిమాడు. కుర్రతనంలో ఆ వేలి మీద రాయి పడి గోరు ఊడిపోయింది, గీతలు చెరిగిపోయాయి. ఆ వేలు పెట్టిన చోట చెంచా వీపుతో నొక్కినట్టు నున్నటి గుంట పడేది. అదే ఆయన సంతకం. మిగిలిన సిమెంటు పొడిని ఒక డబ్బాలో పోసి బల్ల కింద పెట్టాడు.

వెనక వైపు చూద్దామని వెళ్ళాడు. హాలుకీ గోదాముకీ నడుమ మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉంది. సందుకు గేటు, గేటుకు తాళం. గోదాము ఆసామి ఊళ్ళో లేడు, ఎప్పుడొస్తాడో ఇస్త్రీ అతనికీ తెలియదు. గేటు సందుల్లోంచి తొంగి చూస్తే పాత పెట్టెలు ఒకదాని మీద ఒకటి, వాటి వెనక చీకటి. మేస్త్రి తిరిగి హాల్లోకి వచ్చాడు.

ఆయన లోపలికి రాగానే మిషన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. ఎవరూ ఆపమని చెప్పలేదు. తొమ్మిది మంది కుట్టేవాళ్ళు, మూల ముక్కాలిపీట మీద గుండీలు కుట్టే పెద్దావిడ, అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఆ పెద్దావిడను అందరూ గుండీల పిన్ని అనేవాళ్ళు.

చెల్లెలు నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"నాకు ఇరవై రోజులు కావాలి అన్నయ్యా. ఆ తరవాత గోడ మొత్తం పీకి కొత్తది కట్టు, కాదనను. ఇరవై రోజులు ఉంటుందా?"

మేస్త్రి గోడ వంక చూశాడు. వెనక వైపు చూడలేదన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆ మాట అంటే ఎందుకు చూడలేదంటారు, తాళమంటే ఆసామి ఎప్పుడొస్తాడంటారు, మరి ఇప్పుడేం చెయ్యమంటావంటారు. అన్నిటికీ జవాబు చెప్పాలి. ఇంతమంది ముందు. పైగా ఈ చెల్లెలు చిన్నప్పటి నుంచీ ఆయన దేన్ని చూసి ఊఁ అంటే దానికి ఊఁ అన్న మనిషి. నాలుక దాకా వచ్చిన మాట అన్నం ముద్దలాగా లోపలికి దిగిపోయింది.

"ఉంటుంది. నా అంచనా."

"విన్నారుగా. ఇక కానివ్వండి," అంది చెల్లెలు. మిషన్లు తిరిగాయి.

ఆ తరవాత ఆ మాట ఎలా నడిచిందో చూడాలి. మర్నాడు చెల్లెలు ఫ్యాక్టరీ మనిషితో, మా అన్నయ్య చూశాడు, ఇరవై రోజులు గోడకు ఢోకా లేదన్నాడు అని చెప్పింది. అంచనా అన్న మాట అక్కడే జారిపోయింది. కుట్టేవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి, మేస్త్రి గారు భయం లేదన్నారని చెప్పారు. ఇరవై రోజులన్నదీ అక్కడితో పోయింది. మూడోనాడు మేస్త్రి వీధిలో వెళ్తుంటే ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి మరీ పిలిచాడు. మా కొట్టుకూ ఆ గోడే ఆనుకుని ఉంది కదా, ఇంకో ఇరవై ఏళ్ళు కదలదని నువ్వే చెప్పావట, నీ నోటి చలవ మేస్త్రీ అన్నాడు.  కాదని చెప్పడానికి అది మంచి సమయమే. కానీ ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకుని ముందుకు నడిచాడు. 

అయిదో రోజు నుంచి వాన పట్టుకుంది. నాలుగు రోజులు ఎడతెరిపి లేదు. ఆయన వేరే వీధిలో ఒక అరుగు పని చేస్తున్నాడు. వానకు పని ఆగి ఇంట్లో కూచుంటే ఆ సందు, ఆ పెట్టెలు, వాటి వెనక చీకటి కళ్ళ ముందుకు వచ్చేవి. మళ్ళీ ఎప్పుడు చూస్తానో చెల్లెలికి చెప్పలేదు కాబట్టి ఆయన కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. తొమ్మిదో రోజు వాన తెరిపి ఇవ్వగానే గొడుగు కూడా మర్చిపోయి బయలుదేరాడు.

హాల్లో పని జోరుగా ఉంది. మూడో మిషన్ మీద కూచునే అమ్మాయికి నోటి దురుసు. మేస్త్రిని చూసి, గోడకు జ్వరం చూడ్డానికి డాక్టరు గారొచ్చారు, అందరూ లేచి నిలబడండి అంది. అందరూ నవ్వారు. చెల్లెలు సగం చొక్కాలు అయిపోయాయని, ఇంకా రెండు రోజులు మిగుల్తాయని గొప్పగా చెప్పింది. మేస్త్రి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాడు.

గాజు పట్టీ చెక్కుచెదరలేదు.

ఆయనకు ఒక్కసారి ఒళ్ళు తేలికైపోయింది. తొమ్మిది రోజుల దిగులు దిగిపోయింది. ఊరికే, అలవాటుగా, సిమెంటు ముద్ద మీద తన వేలిముద్ర తడిమాడు. తడిమి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఆ గుంటలో ఆయన బొటనవేలు పట్టలేదు. అది చిన్న వేలు. గుండ్రటి వేలు. గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. గీతల మధ్య సన్నని చుక్కలు. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడ్డ వేలు.

ఆయన వెనక్కి తిరిగి హాలంతా చూశాడు. అందరూ పనిలో ఉన్నారు. గుండీల పిన్ని ఒక్కతే మరీ ఎక్కువ పనిలో ఉంది. తల ఎత్తడం లేదు. ఆయన ఆమె ముందుకు వెళ్ళి గొంతుక్కూచున్నాడు. ఏమీ అడగలేదు. అరచెయ్యి చాపాడు. పిన్ని సూదిని చొక్కాకు గుచ్చి, గుండీల డబ్బా మూత తీసి, అడుగు నుంచి ఒక గుడ్డ పీలిక తీసి ఆయన చేతిలో పెట్టింది. అందులో రెండు గాజు ముక్కలున్నాయి.

పిన్ని గొంతు తగ్గించి చెప్పింది. ఆరో రోజు పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి ఊడుస్తుంటే పట్టీ రెండుగా విరిగి ఉందట. అంతకు ముందు సాయంత్రం తను గుడ్డల మూట ఎత్తుకుని ఆ పక్కగానే వెళ్ళింది, అప్పుడు మూట గోడకు రాసుకుంది. తనే తగిలించి ఉంటుందనుకుంది. చెల్లెలికి చెప్తే కంగారు పడుతుంది, పని ఆగుతుంది, పైగా మేస్త్రి గారి వస్తువు పగలగొట్టినట్టవుతుంది. ఇంటి దగ్గర పటం అద్దం పగిలినది ఉంటే దాన్లోంచి ఒక ముక్క కొలిచి తెచ్చి, డబ్బాలో ఉన్న సిమెంటుతో ఆయన చేసినట్టే చేసింది. వేలిముద్ర కూడా ఆయన వేశాడు కదా అని తనూ వేసింది.

"తప్పు చేశానా తమ్ముడూ?" అంది.

మేస్త్రి ముక్కలను వెలుతురులో పెట్టి చూశాడు. దెబ్బ తగిలి పగిలిన గాజు మామూలుగా చెదురుతుంది, చిన్న పెంకులు రాలుతాయి. లాగితే విరిగిన గాజు తిన్నగా తెగుతుంది. ఇది తిన్నగానే తెగింది. కానీ మెత్తటి మూట గట్టిగా ఒత్తినా ఒక్కోసారి ఇలాగే తెగుతుంది. పాత సిమెంటు ముద్దలు ఉండి ఉంటే ముక్కల మధ్య ఎడం ఎంతో కొలిచి చెప్పేవాడు. వాటిని పిన్ని గీకి పారేసింది. గోడ కదిలిందా, మూట తగిలిందా, చెప్పగల సాక్ష్యం చెత్తబుట్టలోకి పోయింది. కొత్త పట్టీ మూడు రోజులుగా విరగలేదు. వాన మాత్రం ఆగింది ఇవాళే, తాగిన నీళ్ళు ఇంకా గోడలోనే ఉన్నాయి.

 ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇంకా పదకొండు రోజులు. గోడ నిలబడితే అంచనా మేస్త్రి అంచనా మళ్ళీ నిజమవుతుంది. తన తల వెనకే తొమ్మిది మిషన్లు తిరుగుతున్నాయి. మూడో మిషన్ అమ్మాయి ఏదో అంటే ఎవరో పగలబడి నవ్వారు.

ఆయన లేచి చెల్లెలి బల్ల దగ్గరికి వెళ్ళి గాజు ముక్కలు చొక్కా గుడ్డ మీద పెట్టాడు.

"మిషన్లు ఆపించు. అందర్నీ బయటికి పంపించు," అన్నాడు.

చెల్లెలు ముందు హాస్యమనుకుంది. ఆయన హాస్యమాడే మనిషి కాదని మరుక్షణం గుర్తొచ్చింది. ముక్కల వంకా, పిన్ని వంకా, గోడ వంకా చూసింది. సంగతి అర్థమయ్యాక కత్తెర బల్ల మీద పెట్టింది. అడిగినవన్నీ అడిగింది. గోడ కదిలిందని ఖాయమా? కాదు. మూట తగిలి ఉండొచ్చా? ఉండొచ్చు. మరి దేనికి ఆపమంటున్నావు?

"ఇరవై రోజులని నువ్వే కదన్నయ్యా చెప్పింది."

"అంచనా అన్నాను."

"అన్నావు. ముప్పై ఏళ్ళుగా నువ్వు అంచనా అంటే మాకందరికీ మాటే. నీ అంచనా నమ్మి జనం పిల్లల్ని ఆ గోడల పక్కన పడుకోబెట్టుకున్నారు. అప్పుడెప్పుడూ అడ్డం చెప్పలేదే. ఇవాళ నా దగ్గరికొచ్చేసరికి అంచనా అంటే అంచనాయేనా?"

మిషన్లు అప్పటికే ఆగిపోయాయి. మొదటి రోజులాగే అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. మేస్త్రి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడవడానికి అక్కడ చెమట లేదు.

"వెనక వైపు నేను చూడలేదు," అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ రోజు. తాళం వేసి ఉంది. చూడకుండానే చెప్పాను."

చెల్లెలు గాజు ముక్కలను చొక్కా గుడ్డ మీంచి పక్కకు జరిపింది.  "ఆ ముక్క ఆ రోజే అని ఉంటే నేను ఈ పని ఇంకో చోట పెట్టుకునేదాన్ని," అంది. గట్టిగా కూడా అనలేదు. ఆయనకు అది గట్టిగా అన్నదానికంటే ఎక్కువ తగిలింది.

తరవాత లేచింది మూడో మిషన్ అమ్మాయి. గోడ గాని పడితే ఈ చొక్కాలే మనకు కప్పుతారు అక్కా, కొలతలు కూడా సరిపోవు అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే సంచులు తీసుకుని బయటికి నడిచారు. పిన్ని ఆఖరున, గుండీల డబ్బా చంకలో పెట్టుకుని, గోడ వంక చూడకుండా వెళ్ళింది.

మిషన్లు మర్నాడు ఒక్కొక్కటే మోసి బయటికి తెచ్చారు. చెల్లెలి ఇంటి వరండాలో నాలుగే పట్టాయి. నాలుగు మిషన్లతో మిగిలిన చొక్కాలు ఆ గడువులో కావు. పద్నాలుగో రోజున ఫ్యాక్టరీ మనిషి వచ్చి, కత్తిరించిన గుడ్డలన్నీ మూట కట్టించుకుని అవతలి వీధి దుకాణానికి తీసుకెళ్ళాడు. ముగ్గురు కుట్టేవాళ్ళు కూడా ఆ మూటల వెనకే వెళ్ళారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. చెల్లెలు అన్నయ్యతో మాట్లాడటం మానేసింది. ఆయన మాట్లాడకపోతే ఎవరికీ కొత్త కాదు. ఆవిడ మాట్లాడకపోవడం మాత్రం ఇంటింటా తెలిసింది.

గోడ పడలేదు.

మేస్త్రి రోజూ పొద్దున వెళ్ళి వీధి గుమ్మంలోంచి చూసేవాడు. ఖాళీ హాలు, రెండు పోట్లు, దూరంగా గాజు పట్టీ. ఇస్త్రీ అతను పెట్టె మీద నీళ్ళు చిలకరిస్తూ, ఇవాళ కూడా నిలబడే ఉంది మేస్త్రీ, నీకు కబురు చెప్పమంది అనేవాడు. పన్నెండు, పదిహేను, పద్దెనిమిది. రోజు గడిచేకొద్దీ ఆయనకు ఏం కోరుకోవాలో తెలియకుండా పోయింది. గోడ నిలబడితే చెల్లెలి నోటి దగ్గర కూడు తనే లాగేసినట్టు. పడితే తను చూడకుండా చెప్పిన మాట మీద పది మంది తొమ్మిది రోజులు దాని కింద కూచున్నట్టు. రెంటిలో ఏది తలుచుకున్నా నిద్ర పట్టేది కాదు.

ఇరవయ్యో రోజు పొద్దున ఆయన వెళ్ళేసరికి వీధిలో, హాలు గుమ్మానికి ఎదురుగా, కుర్చీ వేసుకుని చెల్లెలు కూచుని ఉంది. ఒళ్ళో ఏ పనీ లేదు. గోడనే చూస్తోంది. ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆవిడ తల తిప్పలేదు.

"ఇరవై రోజులూ అయిపోయాయి. నువ్వు మొదట చెప్పిందే నిజమైంది," అంది.

అది మెచ్చుకోలు కాదని ఆయనకు తెలుసు. అంతలో ఇస్త్రీ అతను కొట్టులోంచి కేకేశాడు. గోదాము ఆసామి తెల్లవారుజామున ఊళ్ళో దిగాడట, గేటు తాళం చెవులు ఇచ్చి వెళ్ళాడట.

పెట్టెలు పక్కకు లాగడానికి అరగంట పట్టింది. మేస్త్రి పక్కకు తిరిగి సందులోకి దూరాడు. చెల్లెలు వద్దన్నా వినకుండా వెనకే వచ్చింది. గోదాము కప్పు మీంచి నీళ్ళు దించే గొట్టం మోకాలెత్తులో విరిగి ఉంది. ఎన్నేళ్ళ కిందట విరిగిందో, దాని నోరు తిన్నగా హాలు గోడ పాదంలోకే తిరిగి ఉంది. గోడకు నడుం దాకా పాచి పట్టింది. కింద మట్టి లేదు. మట్టి ఉండాల్సిన చోట నల్లటి నోరు తెరుచుకుని ఉంది. మేస్త్రి తన కొలకర్రను పునాది కిందకి పెట్టి తోశాడు. కర్ర ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. పట్టుకున్న చోటి దాకా వెళ్ళింది. ఆయన చెయ్యి కూడా మోచేతి దాకా వెళ్ళింది. లోపల కర్ర కొసకు ఏమీ తగల్లేదు. నీళ్ళు మాత్రం కదిలిన చప్పుడైంది.

ఆయన కర్ర లాగి చెల్లెలి చేతికిచ్చాడు. ఆవిడ కూడా తోసి చూసింది. కొయ్య పోట్లు నిలబడింది ఈ గుంట మీదేనని ఆయన చెప్పక్కర్లేకపోయింది.  ఇద్దరూ పక్కకు తిరిగే బయటికి వచ్చారు.

వీధి వెలుతురులో ఆవిడ కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడింది. ఆవిడ పెదవులు కదిలాయి. తొమ్మిది మిషన్లను, వాటి మీద మనుషులను ఒక్కొక్కరినే తలుచుకుంటోందని ఆయనకు తెలిసింది. తరవాత అన్నయ్య వైపు తిరిగి అడిగింది.

"ఇంకెన్నాళ్ళుంటుంది?"

ఎప్పటిలాగే ఒక అంకె ఆయన నోట్లోకి వచ్చింది. వచ్చిన దాన్ని ఆయన పక్కన పెట్టాడు. చెల్లెలి కుర్చీలో ఆయనే కూచుని, నేల చూస్తూ, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు. ఆయన అంత పొడుగు మాట్లాడటం ఆవిడ కూడా విని ఎరగదు.

"చూసింది చెప్తాను. పునాది కింద చేతికి అందినంత మేర మట్టి లేదు. బీట దూలం దాకా ఉంది. చూడనిది చెప్తాను. ఆ గుంట హాలు కింద ఎంత లోపలికి పోయిందో చూడలేదు. ఇస్త్రీ కొట్టు వైపు తిరిగిందో లేదో చూడలేదు. గోడ ఇన్నాళ్ళు దేని మీద నిలబడిందో నాకు తెలీదు. రెండు వానలకి మించి ఉండదని అంచనా. తప్పొచ్చు. మళ్ళీ రేపు పొద్దున్నే చూస్తాను. కొట్టు వైపు తవ్వి చూస్తాను."

చెల్లెలు విన్నది. తలూపలేదు. విన్నది.

ఇస్త్రీ అతను అప్పటికే పెట్టె దించి గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి హాస్యాలు లేవు. అతని భార్యా, అత్తగారూ ఆ కొట్టు వెనక గదిలోనే ఉంటారు. మా వైపేం భయం లేదంటాడా మీ అన్నయ్య అని చెల్లెల్ని అడిగాడు. మేస్త్రిని అడగలేదు. ఆయన ఎలాగూ చెప్పడనుకున్నాడేమో.

 ఈ మాట ఇప్పుడు ఆవిడ నోట్లో ఉంది.

"భయం లేదని అనలేదు. ఉందనీ అనలేదు," అంది చెల్లెలు. "పునాది కింద మట్టి పోయింది. అది చూశాడు. నీ వైపు ఎంత పోయిందో చూడలేదు. రేపు పొద్దున్న నీ వైపు తవ్వి చూస్తాడు. అప్పటిదాకా మీ ఆడవాళ్ళని మా వరండాలో పడుకోమను. మిషన్లు పక్కకు జరుపుతాను."

ఇస్త్రీ అతను మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి తల ఊపాడు. మూడింటిలో ఒక్క ముక్క కూడా పోలేదు. అతను లోపలికి వెళ్ళి భార్యతో చెప్తుంటే వీధిలోకి వినపడుతూనే ఉంది. మేస్త్రి చెవి రిక్కించాడు. మట్టి పోయిందట అన్నాడు. రేపు చూస్తాడట అన్నాడు. మధ్యది అనలేదు. మేస్త్రి కుర్చీలోంచి లేచి, కొట్టు గుమ్మం దాకా నడిచి, తలుపు మీద తట్టాడు.

"మీ వైపు నేనింకా చూడలేదు," అన్నాడు లోపలికి. "అది కూడా చెప్పు."